ఎదురు విస్తరి

మా ముత్తాతగారు మునసబు. మొగల్తూరుకు కొంచెం ఎగువన, కాలువకు అటూ ఇటూ ఉన్న పొలాల్లో ఆయనవి కానివి ఏవో వెతికి చెప్పడమే తేలిక. నరసాపురం రేవులో ఆయన గుర్రబ్బండి కనిపించిందంటే, అప్పటికే కట్టు విప్పుకుని గోదావరిలోకి కదిలిన పంటును కూడా వెనక్కి తెచ్చి, బండిని ఎక్కించుకుని వెళ్ళేవారు. తాతగారు పంచాయతీ ప్రెసిడెంటు. ఊరి హైస్కూలుకు స్థలం ఇచ్చింది ఆయనే. ఆ సంగతి చెక్కిన పలక ఇప్పుడు సున్నం కింద ఉంది. ఆయనకు ఒక నియమం ఉండేది. బయటి మనిషి ఒకరు ఎదురుగా కూర్చుని తింటే తప్ప ఆయన ముద్ద ఎత్తేవారు కారు. వీధిలో ఎవరూ దొరకని రోజున పాలేరును కాలువగట్టు మీదికి పంపి, దారిన పోయేవారిలో ఒకరిని పిలిపించేవారు. వచ్చినవాళ్ళ ఊరూ పేరూ తిన్న తరువాత గాని అడిగేవారు కారు. మా ఇంట్లో దీన్ని ఎదురు విస్తరి అనేవాళ్ళం.

నాన్నగారు వరి తీసేసి చెరువులు తవ్వించారు. మొదట్లో రొయ్య బాగానే వచ్చింది. తరువాత రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చింది. చుట్టుపక్కలవాళ్ళు ఒకసారి దెబ్బతిని ఆగారు. నాన్నగారు ఆగలేదు. ఆగితే ఓడిపోయానని ఊరంతటి ముందూ ఒప్పుకున్నట్టవుతుందని ఆయన లెక్క. ఆయన పోయేనాటికి మాకు పొలం లేదు, చెరువు లేదు. ఇల్లు మిగిలింది. అది కూడా పెదనాన్నగారితోనూ బాబాయితోనూ ఉమ్మడి.

ఆ ఇంటిని చేపల మేత వ్యాపారం చేసే ఒకాయన అడిగాడు. ఇంట్లో కాపురం ఉండడానికి కాదు, కూలగొట్టి ఫంక్షన్ హాలు కట్టుకోవడానికి. పెదనాన్నగారు ఒప్పుకున్నారు, బాబాయి ముందే ఒప్పుకున్నాడు. కొనే ఆయన మాత్రం ఒక్క మాట మీద నిలబడ్డాడు. వాటాదారులందరూ రిజిస్ట్రారు ముందుకు రావాలి, ఒక్కరు తగ్గినా తనకు ఆ ఇల్లు వద్దు. నాన్నగారి తరఫున వాటాదారులం అమ్మా, నేనూ. నేను రానన్నాను. ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. బాబాయి నా చొక్కా పట్టుకున్నాడు. ఆ వారంలోనే నేను ఫోను అమ్మేసి రాజమండ్రి బస్సెక్కాను. నేను కనిపించనంత కాలం ఆ ఇంటిని ఎవరూ అమ్మలేరు. నా ఆలోచన అంతే. అమ్మను నరసాపురంలో మావయ్య ఇంట్లో దింపారని నాకు తెలుసు. అక్కడ ఆమెకు లోటు ఉండదనుకున్నాను.

అలా నేను, సొంత ఇల్లు ఉన్నందువల్ల, ఇల్లు లేనివాణ్ణయ్యాను.

రాజమండ్రిలో గోదావరి గట్టు మీద పడుకునేవాళ్ళు చాలామందే ఉంటారు. కొందరు తాగుతారు, కొందరు తమలో తాము మాట్లాడుకుంటారు, కొందరు అస్థికలు కలపడానికి వచ్చి ఎందుకో వెనక్కి వెళ్ళరు. నేను వాళ్ళకు దూరంగా, స్నానాల రేవు మెట్ల పైనున్న మండపంలో ఒక మూల పడుకునేవాణ్ణి. పని దొరికిన రోజున కడియం వెళ్ళి నర్సరీల్లో లారీలకు మొక్కలు ఎక్కించేవాణ్ణి. దొరకని రోజున పస్తు. మధ్యాహ్నం గుడి దగ్గర అన్నదానం జరుగుతుంది. ఆ వరసలో నేను ఏనాడూ నిలబడలేదు. నిలబడి ఉంటే ఈ కథే లేదు. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. ఎవరైనా భుజం తగిలించుకుంటూ పోతే కొట్టడానికి వెళ్ళేవాణ్ణి. రెండుసార్లు దెబ్బలు తిన్నాను కూడా.

గట్టు మీద టీ బండి పెట్టుకున్న ఒకావిడ ఉండేది. నన్ను చూస్తే ఆమెకు సరదా.

"ఏవండోయ్ జమీందారుగారూ, టీ ఇమ్మంటారా, తమరి పరువుకి తక్కువా?"

"డబ్బుల్లేవు."

"తర్వాత ఇద్దురుగాని."

"అరువు తాగను."

"అబ్బో! ఇదిగో, ఎవరన్నా చూడండర్రా. చిరుగుల చొక్కా, చిటికెడు నడుమూ, మాట మాత్రం మద్రాసు మెయిలు!"

చుట్టూ ఉన్న రిక్షావాళ్ళు నవ్వేవాళ్ళు. నేను గోదావరి వైపు తిరిగి కూర్చునేవాణ్ణి.

ఆయన్ని మొదట చూసింది అక్కడే. అరవై దాటి ఉంటాయి. తెల్ల పంచె, పొట్టి చేతుల చొక్కా, చేతిలో స్టీలు క్యారేజీ. పొద్దున్న రైలుబండి వచ్చే వేళకు గోదావరి స్టేషను వైపు నుంచి నడిచి వచ్చేవాడు. ఆయనెవరో గట్టు మీద ఎవరికీ సరిగా తెలియదు. కొందరు మేష్టారు అనేవాళ్ళు, కొందరు కాలవ లాకుల దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యాడనేవాళ్ళు. పోలీసులకు కబుర్లు చేరవేసే మనిషని రిక్షావాళ్ళ అనుమానం.

ఒకనాడు నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"బాబుగారూ, ఈ క్యారేజీ కాస్త చూస్తారాండి? ఒక్క మునక వేసి వస్తాను."

నన్ను ఎవరన్నా బాబుగారూ అని పిలిచి చాలాకాలమైంది. మా ఊళ్ళో అలా పిలిచిన నోళ్ళే తరువాత తలుపుల ముందు నిలబడి బాకీ అడిగాయి. నేను క్యారేజీ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ముందురోజు మధ్యాహ్నం నుంచి నేనేమీ తినలేదు. మూత సందులోంచి ములక్కాడ పులుసు వాసన వస్తోంది. ఆయన తాపీగా స్నానం చేసి, పంచె పిండి ఆరేసి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని గట్టు మీది మనుషులందర్నీ ఒక్కొక్కర్నీ చూసి, అప్పుడు వచ్చాడు.

"ఇంకొక్క సాయం చేయాలండి. ఒక్కణ్ణే కూర్చుంటే నాకు ముద్ద దిగదు. ఎదురుగా ఎవరన్నా తింటుంటే గాని తినలేను. పాడు అలవాటు. తమరికి అభ్యంతరం లేకపోతే కాస్త కూర్చోండి."

నేను లేచి నిలబడ్డాను.

"మిమ్మల్ని మా బాబాయి పంపాడా?"

"మీ బాబాయిగారెవరో నాకేం తెలుసండి? పులుసు చల్లారిపోతోంది, కూర్చోండి."

సంచిలోంచి రెండు ఆకులు తీశాడు. రెండూ కడిగి తుడిచి మడిచి ఉన్నాయి. తినే ముందు నన్ను పేరు అడగలేదు. తిన్న తరువాత కూడా అడగలేదు. చేతులు కడుక్కుని, "బతికించారండి" అని నాకు నమస్కారం పెట్టి వెళ్ళాడు. ఆ రోజు నేను ఆయనకు ఉపకారం చేశాననే అనుకున్నాను. అనుకునేలా చేశాడు. దానం చేసేవాళ్ళను మా ఇంట్లో చాలామందిని చూశాను గాని, పుచ్చుకునేవాడి మెడ వంచకుండా చేయడం వచ్చినవాళ్ళు తాతగారు ఒక్కరే అనుకునేవాణ్ణి.

ఆ తరువాత ఆయన రాని రోజు లేదు. ఒకరోజు పనసపొట్టు కూర, ఒకరోజు చింతకాయ వేసిన చిన్నచేపల పులుసు. అన్నీ తనే వండుకునేవాడట. ఒకసారి ఆత్రేయపురం వెళ్ళానంటూ పూతరేకులు తెచ్చాడు. "అక్కడ కూడా ఒకసారి చూసొద్దామని వెళ్ళానండి" అన్నాడు. ఏం చూడడానికో చెప్పలేదు. మా మాటలు గోదావరి మట్టం గురించి, బండ్ల ఆలస్యం గురించి. నా కోపం కొంచెం తగ్గిందని గట్టు మీది వాళ్ళు అన్నారు. రాత్రి కాసేపు నిద్ర పట్టేది. నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు ఆయనేనని నాకు అనిపించసాగింది. ఆయన పేరు నాకు తెలియదు. నా పేరు ఆయనకు తెలియదు. అది మా ఇద్దరి మధ్యా ఒక మర్యాద.

టీ బండి ఆవిడ ఊరుకునేది కాదు.

"ఏంటి మేష్టారూ, మా జమీందారుగారికి వియ్యాలవారి భోజనాలు పెడతన్నారు, పిల్లనేమన్నా ఇస్తారేంటి?"

"ఉంటే ఇచ్చేవాణ్ణేనమ్మా" అని ఆయన నవ్వేవాడు.

ఆ ఏడు గోదావరికి ఎర్రని వరదనీరు తొందరగా వచ్చింది. రేవు మెట్లన్నీ మునిగి, నీళ్ళు మండపం అరుగు దాకా వచ్చాయి. నేను తడిసిన బట్టల్లోనే కడియం వెళ్ళి వచ్చి పడుకున్నాను. మర్నాటికి లేవలేకపోయాను. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. ఆయన మాత్రలు తెచ్చాడు, బ్రెడ్డు తెచ్చాడు, తడిగుడ్డ వేశాడు. మూడో నాటికి ఆయన మొహంలో భయం కనిపించింది.

"పెద్దాసుపత్రికి వెళ్దాం రండి. ఆటో తెచ్చాను."

"రాను."

"ఎందుకండి?"

"అక్కడ పేరూ, ఊరూ, తండ్రి పేరూ రాయించుకుంటారు."

"ఏదో ఒక పేరు రాయిద్దాంలెండి. వాళ్ళేమన్నా వచ్చి చూస్తారా?"

"దొంగ పేరు చెప్పను."

"నిజం పేరూ చెప్పరు, దొంగ పేరూ చెప్పరు. మరి ఎలాగండీ?"

పేరు బయటపడితే కబురు ఇంటికి వెళుతుంది, బాబాయి వస్తాడు, ఇల్లు పోతుంది. దొంగ పేరు చెబితే నేను కాపాడుతున్న దానిలో అర్థమే లేదు. ఇప్పుడు ఈ మాట చదివేవాళ్ళకు నవ్వు రావచ్చు. మా ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు రాదు.

ఆయన నా పక్కన చతికిలబడ్డాడు. తరువాత గోదావరి వైపు చూస్తూ, ఎవరి గురించో అన్నట్టుగా అన్నాడు.

"మంచి కుటుంబం అని ఎవరికి వాళ్ళే చెప్పుకుంటారులెండి. ఈ గట్టు మీద పడుకునేవాళ్ళల్లో సగం మంది తాతలకి ఏనుగులుండేవి."

నాకు తల తిరుగుతోంది. అయినా మోచేతి మీద లేచి కూర్చున్నాను.

"ఏనుగుల సంగతి నాకు తెలియదు. మా ముత్తాతగారి బండి కనిపిస్తే నరసాపురం రేవులో పంటు వెనక్కి వచ్చేది. కావాలంటే అడిగి చూడండి."

"అడుగుతానండి" అన్నాడాయన.

నేను ఇంకా చాలా చెప్పాను. కాలువగట్టు మీదికి పాలేరును పంపి ఎదురు విస్తరికి మనిషిని పిలిపించడం, స్కూలు స్థలం, అన్నీ చెప్పాను. పేరు మాత్రం చెప్పలేదు. పేరు చెప్పకపోతే నన్నెవరూ పట్టుకోలేరని నా ధీమా. ఆయన అన్నీ విని, "పడుకోండి" అని దుప్పటి కప్పాడు.

మర్నాడు ఆయన రాలేదు. క్యారేజీ టీ బండి ఆవిడ చేతికి ఇచ్చి వెళ్ళాడట. "మీ మేష్టారు పొద్దున్నే నరసాపురం బస్సెక్కాడు. ఆ ఊళ్ళో ఏం పనుందో మరి" అంది ఆమె. జ్వరంలో నాకు అది కూడా వెలగలేదు. నరసాపురం రేవులో ఆయనకు ఎంతోసేపు పట్టలేదని తరువాత తెలిసింది. పంటు నడిపే వాళ్ళల్లో ఒక ముసలాయన కథ పూర్తిగా వినకుండానే మా ఇంటి పేరు చెప్పి, మా అమ్మ ఇప్పుడు ఏ వీధిలో ఉంటోందో కూడా చెప్పాడట. ఆ వయసు వాళ్ళకు అక్కడ మా సంగతి అందరికీ తెలుసు. నాకది అప్పుడు గర్వంగా ఉండాల్సింది.

రెండో రోజు మధ్యాహ్నం కళ్ళు తెరిచేసరికి అమ్మ నా తల దగ్గర కూర్చుని ఉంది. పైన రోడ్డు మీద కారు పక్కన బాబాయి నిలబడి ఉన్నాడు. కిందికి దిగలేదు. టీ బండి దగ్గర బల్ల మీద ఆయన, మా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

అమ్మ ఏడవలేదు. మా వాళ్ళు పదిమందిలో ఏడవరు. నా నుదుటి మీద చెయ్యి వేసింది. వేళ్ళ చివర్లు గరుకుగా తగిలాయి. చూశాను. సూది గుచ్చుకున్న మచ్చలు.

"ఇదేంటి?"

"లేసు అల్లుతున్నాను. వీధిలో అందరూ అల్లుతారు, నేనూ అల్లుతున్నాను. డజన్ల లెక్కన ఇస్తారు."

"మావయ్య ఊరుకున్నాడా?"

"మావయ్య మంచివాడే. అత్తయ్య కూడా చెడ్డదేం కాదు. వాళ్ళింట్లో నలుగురికి వండుకునే బియ్యం, నాతో అయిదుగురు. అంతే. వసారాలో మంచం వేశారు. వాన వస్తే మంచం లోపలికి లాక్కుంటాను."

"నేను ఇల్లు కాపాడుతున్నాను, అమ్మా."

"ఎవరి కోసం నాన్నా?"

ఆమె గొంతు పెంచలేదు. కాని ఆ మాటల్లో ఉన్న కోపం నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు.

"మీ నాన్నా ఇంతే. ఆపండి అంటే, ఆపితే నలుగురూ నవ్వుతారన్నారు. నీ పరువు ఈ గట్టు మీద పడుకుంది. నాది మీ మావయ్య వసారాలో పడుకుంది. ఆ ఇంటికి తాళం వేసి ఉంది. అందులో గబ్బిలాలున్నాయి. నా వాటా నాకు వస్తే ఒక గది, ఒక పొయ్యి నావని ఉంటాయి. అడగడానికి నాకు సిగ్గుగా ఉంది. కానీ అడుగుతున్నాను. సంతకం పెట్టు."

నేను లేచి రోడ్డు మీదికి వెళ్ళే మెట్లు ఎక్కాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. టీ బండి పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఆయన లేచి నిలబడ్డాడు. "బాబుగారూ" అన్నాడు. నేను ఆయన వైపు చూడలేదు. కారులో బాబాయి నా చేతికి మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. గెలిచినవాడి మంచితనం ఎలా ఉంటుందో ఆ దారంతా చూశాను.

జ్వరం తగ్గాక సంతకం పెట్టాను. వేలిముద్ర వేసేటప్పుడు రిజిస్ట్రారు ఆఫీసులో కొనే ఆయన నా భుజం తట్టి, "మీలాంటి కుటుంబం దగ్గర కొనడం మాకు గౌరవమండి" అన్నాడు.

తరువాత నేను మళ్ళీ రాజమండ్రి వెళ్ళాను. నన్ను పట్టించిన ఆయన మొహం మీద ఒక మాట అనాలని, అది తప్ప మరో పని లేదు. పొద్దున్న రైలుబండి ఇంకా రాలేదు. టీ బండి ఆవిడ నన్ను పోల్చుకుని, ఈసారి ఎకసెక్కాలాడకుండా గ్లాసు అందించింది. ఆయనెవరని అడిగాను.

"తెల్దా? మీకు తెల్సనే అనుకున్నాను. నాకూ ఈ మధ్యే చెప్పాడు. ఆయనకి ఒక్కడే కొడుకంట. ఇంటరు తప్పితే ఈయన ఏదో మాట అన్నాడంట. పిల్లోడు బండెక్కి ఇక్కడ దిగాడని ఎవరో చెప్పారంట. అప్పట్నించీ ఇలా తిరుగుతానే ఉన్నాడు. పంతుళ్ళు చెప్పారు, పన్నెండేళ్ళు దాటింది, దర్భతో బొమ్మ చేసి కర్మ చేసెయ్యండి మేష్టారూ, మీకూ ఆడికీ కూడా విముక్తి అని. వినడే. బతికున్నోడికి కర్మేంటండీ అంటాడు."

నేను టీ పూర్తి చేయలేదు. బండి వచ్చింది. జనం దిగారు. వాళ్ళ వెనక ఆయన వచ్చాడు, ఒక్కొక్క మొహాన్నీ చూసుకుంటూ. నన్ను చూసి ఆగాడు.

"మా ఇల్లు పోయిందండీ, మీ పుణ్యమా అని" అన్నాను.

ఆయన తల వంచలేదు. తప్పు చేశాననీ అనలేదు.

"అమ్మగారికి వేరే ఇల్లు కుదిరిందాండి?"

"కుదిరింది."

"మీరు ఆవిడ దగ్గరే ఉంటున్నారా?"

"ఉంటున్నాను."

ఆయన తల ఊపాడు. కళ్ళు చెమర్చాయో, నడిచి వచ్చిన చెమటో నాకు తెలియదు. "అయితే భోంచేసి వెళ్ళండి" అన్నాడు. బస్సుకు వేళైందని చెప్పాను. అప్పటికి బస్సుకు చాలా వేళ ఉంది.

తన కొడుకును ఇంటికి చేర్చలేక, చేతికి దొరికిన ఇంకొకరి కొడుకును చేర్చాడు. దానికి నా ఇల్లు ఖర్చయింది. నేను ఆయనకు రుణపడి ఉండాలని అమ్మ అంటుంది. ఇప్పుడు ఒక పొయ్యి ముందు, ఎవరి బియ్యమూ కాని బియ్యం కడుగుతూ అంటుంది కాబట్టి ఆమెకు ఎదురు చెప్పను. కానీ గట్టు మీద ఆకలితో ఉన్నప్పుడు నాకంటూ ఒకటి ఉండేది. కడుపు నిండిన తరువాత లేదు. నా మాట గోడలా నిలబడిందని నేననుకున్న చోట ఆయన సున్నితంగా ఒక చెయ్యి వేసి తోశాడు. అంత సున్నితంగా తోసినందుకే ఆయన్ని ఈనాటికీ క్షమించలేకపోతున్నాను.

ఇల్లు కొన్న ఆయనకు స్థలం ఒక్కటే కావాలి. అందుచేత మా ఇంటి టేకు దూలాలూ తలుపులూ భీమవరం నుంచి వచ్చిన పాత కలప వ్యాపారికి అమ్మారు. పెంకులు గంపల లెక్కన ఊళ్ళోవాళ్ళు కొనుక్కున్నారు. ఇటుక ముక్కలు ట్రాక్టర్ల మీద పోసి చెరువు గట్లకు అమ్మారు.